వరద రోజుల్లో టీవీలు చూపించే కోనసీమ నిజమైనదేనా?

ఏటిగట్టు: ఏటా ఇదే వరస. భద్రాచలంలో గోదావరి 53 అడుగులు దాటగానే టీవీలో ఎర్రక్షరాలతో ‘మూడో ప్రమాద హెచ్చరిక’ అని వేస్తారు. అది భద్రాచలం లెక్క అని మాత్రం చెప్పరు. ధవళేశ్వరంలో మూడో హెచ్చరికంటే 17.75 అడుగులు. పైనుంచి ఆ నీరు బ్యారేజీకి దిగడానికి ఇంకా టైం పడుతుంది. ఈలోగా ‘కోనసీమ మునక’ అని స్క్రోలింగ్ మొదలు. నిజానికి ముందు మునిగేవి గట్ల మధ్య ఉన్న లంకలు. గండి పడితే తప్ప అమలాపురంలోకి ఏటినీరు రాదు. హైదరాబాద్ చుట్టాలు మాత్రం ‘మేడెక్కారా?’ అని ఒకటే ఫోన్లు. నీరు రాకముందే ఊళ్ళు ముంచేస్తున్నారని నా వాదన.

లంక కుర్రాడు: మీరు గట్టుకి అవతల ఉన్నారు కాబట్టి అలా అనిపిస్తుందండీ. కాజ్‌వే మునిగితే మాకు పడవే దిక్కు. 2022 జూలైలో ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకి పైనే వదిలినప్పుడు, కెమెరా వచ్చిన లంకకి ముందు పాలప్యాకెట్లు అందాయి. పక్క లంకకి తర్వాతెప్పుడో. ఆ అతి కూడా లేకపోతే మమ్మల్ని ఎవరు పట్టించుకుంటారు?

ఏటిగట్టు: నేనూ అదే అంటున్నా తమ్ముడూ! కష్టం ఎక్కడుందో చూసి కాదు, కెమెరా ఎక్కడికెళ్తే అక్కడికి సాయం.

పేపరు మాస్టారు: అందరూ టీవీ మీదే పడ్డారు. పేపరు సంగతో? 1989లో ఈనాడు జిల్లా ఎడిషన్లు పెట్టింది, తర్వాత మిగతావాళ్ళూ అదే బాట పట్టారు. మన ఊరి పేరు అచ్చులో చూసుకుని మురిశాం. కానీ మురుగుకాల్వల్లో గుర్రపుడెక్క పేరుకుందన్న వార్త జిల్లా పేజీ దాటి పోదు. రాజధానిలో చదివేవాడికి అది లేనట్టే. మురుగు దిగక చేలు మునుగుతున్నాయని, ధాన్యం గిట్టుబాటు కావడం లేదని మన పేజీల్లో ఏళ్ళ తరబడి వచ్చింది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు దాదాపు లక్ష ఎకరాల్లో సాగు మానేసి క్రాప్ హాలిడే అన్నాకే జాతీయ పత్రికలు ఇటు చూశాయి. బయటివాళ్ళకి ఆ సమస్య ఆ ఏడే పుట్టినట్టు కనబడింది. ఇందులో ఎవరూ అబద్ధం రాయలేదు. వార్త ఏ పేజీలో పడిందన్నదే తేడా.

హైదరాబాద్ కోడలు: ఇప్పుడు పేపరెవరు తిరగేస్తున్నారు మాస్టారూ! మా ఫ్యామిలీ గ్రూపులో పాత వరద వీడియోలే కొత్తవిగా తిరుగుతుంటాయి. దానికన్నా టీవీయే నయం, తప్పు చూపిస్తే ఫలానా ఛానల్ అని నిలదీయొచ్చు. మా అత్తగారిది పి.గన్నవరం. టెన్షన్ లేకుండా అసలు లెక్క ఎక్కడ చూడాలి?

ఏటిగట్టు: రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ పెడుతుందమ్మా. భద్రాచలం, ధవళేశ్వరం లెక్కలు విడివిడిగా ఇస్తారు. ధవళేశ్వరానిది చూసుకోండి.

లంక కుర్రాడు: మాస్టారి మాట సగమే ఒప్పుకుంటా. ఆ జిల్లా పేజీలో కూడా మేం కనబడేది వరద నెలల్లోనే. వరద తీశాక కొబ్బరిచెట్లతో సహా గట్టు విరిగి ఏట్లో పడుతుంటే అటు తొంగిచూసే విలేకరి లేడు. ఈసారి ఫోన్లో తీసి పంపుతా. ఏ పేజీలో వేయిస్తారో చెప్పండి మాస్టారూ.