వర్డ్‌ల ఫొటో పెడితే సన్నటి పట్టీ లెక్కనే కనవడుతుంది, ఎట్ల సరిజేయాలె?

ఖిల్లా_వరంగల్:
వర్డ్ 2019ల కాకతీయుల కట్టడాల మీద ప్రాజెక్టు రిపోర్టు, గౌతమి ఫాంటు, ఏ4 సైజు. కీర్తి తోరణం ఫొటో పెడితే కింది అంచు మాత్రమే కనవడుతుంది. ‘ఇన్ ఫ్రంట్ ఆఫ్ టెక్స్ట్’ పెడితే మొత్తం వస్తుంది గానీ అక్షరాల మీదెక్కి కూసుంటుంది. ఎంటర్లు కొట్టి జాగ చేసిన. పైన రెండు లైన్లు కలపంగనే ఫొటో ఒక దిక్కు, జాగ ఒక దిక్కు.

డీటీపీ_హన్మకొండ:
ఫొటో తప్పు కాదు, లైన్ స్పేసింగ్ తప్పు. గౌతమిల లైన్ల నడుమ సందు ఎక్కువ వస్తదని ‘ఎగ్జాక్ట్‌లీ 18’ పెట్టి ఉంటరు, చూడున్రి. ‘ఇన్ లైన్’ ఫొటో వర్డ్ లెక్కల ఒక పెద్ద అక్షరమే. లైను ఎత్తు 18 పాయింట్లకు బిగిస్తే పావు అంగుళమే మిగులుతది. ఫొటో మీద క్లిక్ చేసి కంట్రోల్, 1 నొక్కున్రి, సింగిల్ స్పేసింగ్ అయితది, ఫొటో మొత్తం బయటికొస్తది. మిగతా పేరాలను ముట్టకున్రి. ఫొటోలు ఎక్కువుంటే సింగిల్, సెంటర్, ‘కీప్ విత్ నెక్స్ట్’ (కింది పేరాతోని ఒకే పేజీల ఉంచేది)తోని ఒక స్టైల్ చేసి పెట్టుకుంటే పని తప్పుతది.

ఎంటర్ల జాగ మాత్రం ఎన్నటికీ నిలవది, అవన్నీ తీసేయున్రి.

పేజీ_మేకర్_పాతకాపు:
పక్కన మ్యాటర్ పారాలంటే ‘స్క్వేర్’ పెట్టాలె, కానీ వెడల్పు చూసుకోవాలె. ఏ4ల అటిటు అంగుళం మార్జిన్ పోతే మ్యాటర్‌కు సుమారు 16 సెంటీమీటర్లు. రామప్ప మదనిక లాంటి నిలువు ఫొటో 6 సెంటీమీటర్లు పెడితే మంచిగుంటది. 10 పెట్టిన్రా, మిగిలిన సందుల మన పొడుగు మాటలు విరగవు, జస్టిఫై (రెండు అంచులు సమానం జేసేది) ఉంటే మాటకు మాటకు నడుమ బొందలు పడుతయి. తోరణం అడ్డంగ ఉంటది కాబట్టి దానికి ‘టాప్ అండ్ బాటమ్’ (మ్యాటర్ ఫొటోకు పైన, కింద మాత్రమే ఉంటది), లేకుంటే ‘ఇన్ లైన్’.

ఫొటో క్లిక్ చేస్తే పక్కన లంగరు గుర్తు కనవడుతది. అది ఏ పేరా దగ్గరుంటే ఫొటో ఆ పేరాతోనే పోతది. ఆ పేరా తీసేస్తే ఫొటో కూడా పోతది! ‘లాక్ యాంకర్’ పెడితే ఫొటో కదలదని చానా మంది అనుకుంటరు. అది లంగరును ఆ పేరాకు కట్టేస్తది, అంతే.

ఖిల్లా_వరంగల్:
కంట్రోల్ 1 తోని తోరణం మొత్తం వచ్చింది అన్నా. ‘స్క్వేర్’ ఫొటో కింద పేరు రాస్తే అది వేరే పేజీకి పోతుంది, దానికేం జేయాలె?

డీటీపీ_హన్మకొండ:
ఒక కాలం, రెండు వరుసల టేబుల్ వేయున్రి. పై గడిల ఫొటో ‘ఇన్ లైన్’, కింది గడిల పేరు, బార్డర్లు తీసేయాలె. పై గడికి ‘కీప్ విత్ నెక్స్ట్’ పెట్టాలె. టేబుల్ ప్రాపర్టీస్‌ల ‘అరౌండ్’ పెడితే టేబుల్ పక్కనుంచే మ్యాటర్ పారుతది.

జిరాక్సుకు వర్డ్ ఫైలు ఇయ్యకున్రి. వాళ్ల సిస్టంల ఆ ఫాంటు లేకుంటే లైన్లు మారి అన్నీ జరుగుతయి. పీడీఎఫ్ చేసి, ప్రతి పేజీ చూసి ఇయ్యున్రి.