ఫ్లాట్‌లో గ్యాస్ హీటర్, ఎలక్ట్రిక్ ఫైర్‌ప్లేస్: తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా సునాబెడా, అపార్ట్‌మెంట్‌లో అద్దెకుంటాం. డిసెంబరు వచ్చిందంటే ఇక్కడ చలి ఎముకలు కొరికేస్తుంది. అత్తయ్యకు ఆయాసం, రాత్రిళ్లు గది వెచ్చగా ఉండాల్సిందే. ఓనరుగారు హాల్లో గోడకు ఎలక్ట్రిక్ ఫైర్‌ప్లేస్ పెట్టించారు, సిలిండర్‌తో నడిచే గ్యాస్ హీటర్ కూడా ఒకటి ఇచ్చారు.

గ్యాస్‌ది తలచుకుంటేనే టెన్షన్. తలుపులు బిగించి మండిస్తే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు చేరుతుంది, దానికి రంగూ లేదు, వాసనా లేదు. ఎల్‌పీజీ లీకైతే గాలికన్నా బరువు కాబట్టి నేలబారునే పరుచుకుంటుంది. అత్తయ్య పడుకునేది కింద పరుపు మీదే. పొగగొట్టం లేని హీటర్ పడకగదిలో పెట్టనే కూడదని నా అభిప్రాయం. పైగా మంట నీలంగా కాకుండా పసుపుగా, మసి పట్టేలా వస్తోంది. బర్నర్ శుభ్రం చేయిస్తే హాల్లోనైనా పనికొస్తుందా, మొత్తానికే తీసేయమంటారా?

ఎలక్ట్రిక్‌ది 2000 వాట్లు, అంటే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని 6 ఆంపియర్ల సాకెట్‌కి కన్వర్టర్ ప్లగ్‌తో తగిలించి ఉంచారు. కాసేపటికే ప్లగ్ వేడెక్కి, పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగింది, వెంటనే ఆపేశాం. 16 ఆంపియర్ల పాయింటుకి మీటరు బోర్డు నుంచి విడిగా లైను లాగించాలా? 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు సరిపోతుందా, 4 వేయించాలా?

ఇంకొకటి, కార్బన్ మోనాక్సైడ్ అలారం జయపురంలో గానీ విశాఖలో గానీ ఎవరైనా కొన్నారా? మంచానికి ఎంత దూరంలో పెట్టారు?