'గుస్తార్'తో వాక్యం 'నేను' అని మొదలెడితే తప్పేంటి?

ప్రశ్న (మారతహళ్లి నుంచి):
స్పానిష్ మాట్లాడే కస్టమర్ల కాల్స్ తీసుకునే పనికోసం నేర్చుకుంటున్నాను. ఇష్టం అని చెప్పడానికి 'గుస్తార్' అన్నారు. 'యో గుస్తో దోసా' అని రాస్తే మూడు చోట్ల ఎర్ర గీత పడింది. 'యో' అంటే నేను, 'గుస్తో' అంటే ఇష్టపడతాను, ఇందులో తప్పెక్కడ? కాస్త వివరంగా చెప్పండి.

జవాబు (జయనగర్):
ఇంగ్లీషు మీదుగా వెళ్లడం వల్ల వచ్చిన చిక్కండీ ఇది. 'గుస్తార్' అంటే ఇష్టపడటం కాదు, నచ్చడం. మనం 'నేను దోసె నచ్చాను' అనం కదా! 'నాకు నచ్చింది' అంటాం. స్పానిష్‌లోనూ అంతే: నచ్చే వస్తువు కర్త, నచ్చేది ఎవరికో వాళ్లకు 'కు'. కన్నడంలో 'ననగె ఇష్ట' అన్నా ఇదే పద్ధతి.

నాకు – మె, నీకు – తె, ఆయనకు, ఆవిడకు, మీకు – లె, మాకు, మనకు – నోస్, వాళ్లకు – లెస్. స్పెయిన్‌లో చనువుగా 'మీకందరికీ' అనడానికి 'ఓస్' ఉంది. లాటిన్ అమెరికాలో అక్కడా 'లెస్' అనే అంటారు.

క్రియ వస్తువును బట్టి మారుతుంది. 'పాట నచ్చింది, పాటలు నచ్చాయి' అన్నట్టే ఒకటైతే గుస్తా, ఎక్కువైతే గుస్తాన్. ఇక్కడో మెలిక. మనం 'నాకు దోసె ఇష్టం' అని ఏకవచనంలో సరిపెట్టేస్తాం. లెక్కపెట్టగలిగేవాటిని మొత్తంగా ఇష్టమని చెప్పేటప్పుడు వాళ్లు బహువచనం వాడతారు: మె గుస్తాన్ లాస్ దోసాస్. కాఫీ, అన్నం లాంటివైతే ఏకవచనమే: మె గుస్తా ఎల్ కఫే.

మీ మూడో ఎర్ర గీత, ఇంగ్లీషు 'ది' లాంటి ఆ 'ఎల్', 'లాస్' వదిలేసినందుకు. తెలుగులో అలాంటివి లేవు కాబట్టి మనవాళ్లందరూ జారేది ఇక్కడే. నామవాచకం ముందు అవి ఉండాలి. పని పేరు చెబితే మాత్రం అక్కర్లేదు, క్రియ కూడా ఏకవచనంలోనే ఉంటుంది, పనులు రెండైనా సరే: మె గుస్తా కాంతార్ ఇ బైలార్ (పాడటం, డాన్స్ చేయడం నాకిష్టం).

ఉచ్చారణ మాటకొస్తే అది మన 'త'. 'గుస్టా' అంటే ఇంగ్లీషు యాస కొడుతుంది.

ఇంకో జవాబు (మల్లేశ్వరం):
పైన చెప్పినదానికి రెండు చేర్పులు.

పేరు చెప్పినా 'లె' పోదు. 'మా అమ్మకు కాఫీ ఇష్టం' అంటే 'ఆ మి మమా లె గుస్తా ఎల్ కఫే'. మన 'కు' మాట వెనక అతుక్కుంటే వాళ్ల 'ఆ' ముందొస్తుంది. దాని తర్వాత మళ్లీ 'లె' ఎందుకని తీసేయకండి. 'కాదు' అనే 'నో' వీటన్నిటికీ ముందు: నో మె గుస్తా. 'మె నో గుస్తా' తప్పు.

ఎదుటివాళ్లు 'మె గుస్తా' అంటే 'యో తంబియెన్' అనకూడదు, 'ఆ మి తంబియెన్' అనాలి. 'నేనూ' కాదు, 'నాకూ'. కానీ 'నాకు నచ్చలేదు' అన్నవాళ్లకు మనం 'నాకూ' అనేస్తాం, వాళ్లకు దానికి వేరే మాట ఉంది: ఆ మి తంపోకో.

కాల్స్‌లో వాడేటప్పుడు జాగ్రత్త: 'లె గుస్తా ఎస్పెరార్?' అంటే 'మీకు ఎదురుచూడటం ఇష్టమా?' అని. అసలే చిరాకుగా ఉన్న కస్టమర్‌ని అడగాల్సిన ప్రశ్నేనా అది! 'కాసేపు ఆగుతారా?' అనాలంటే 'లె గుస్తరీయా ఎస్పెరార్?' అనండి. 'రీ' మీద నొక్కు.

మనుషుల విషయంలో: తోటి ఉద్యోగితో 'మె గుస్తాస్' అంటే 'నువ్వంటే ఇష్టం' అన్నంత పని. మంచి మనిషివి, నీతో బాగుంటుంది అనడానికి 'మె కాయెస్ బియెన్' చాలు.

ప్రశ్న అడిగినవారు:
అర్థమైందండీ. అంటే తెలుగులో 'నాకు' ఉన్న ప్రతిచోటా 'మె' పెట్టేయొచ్చా? 'నాకు తెలుసు' – 'మె సాబె'?

జవాబు (జయనగర్):
అక్కడే ఆగండి! 'మె సాబె' అంటే నోటికి తగిలే రుచి సంగతి. 'మె సాబె బియెన్' అంటే 'నాకు రుచిగా ఉంది'. 'నాకు తెలుసు'కు ఒట్టి 'సే' చాలు. 'నాకు ఈత వచ్చు' అన్నా 'సే నదార్'. నాకు కావాలి – కియెరో. నాకు ఆకలిగా ఉంది – తెంగో ఆంబ్రె, అంటే అక్షరాలా 'ఆకలి కలిగి ఉన్నాను'. ఈ మూడింట్లోనూ 'నేను' అనేదే కర్త.

'మె' దారిలో నడిచేవి వేరే ఉన్నాయి. నొప్పికి దొలెర్: మె దుఎలె లా కబేసా, తల నొప్పిగా ఉంది. కళ్లయితే రెండు కాబట్టి మె దుఎలెన్ లోస్ ఓహోస్. 'నా తల' అని 'మి' పెట్టకండి, మనమూ పెట్టం. తక్కువ పడటానికి ఫల్తార్: మె ఫల్తాన్ దియెస్ రూపియాస్, పది రూపాయలు తక్కువయ్యాయి. చాలా ఇష్టం అనడానికి ఎంకాంతార్. దాని పక్కన 'ముచో' వేయరు, 'చాలా' అందులోనే ఉంది.

ప్రశ్న అడిగినవారు:
సరే, చూడండి: 'ఆ మి ఎర్మానో లె గుస్తా లాస్ దోసాస్' (మా అన్నకు దోసెలు ఇష్టం).

జవాబు (మల్లేశ్వరం):
ఒక్క 'న్' తక్కువ. దోసెలు ఎక్కువ కదా, గుస్తాన్.