మా ఊరు మున్సిపాలిటీలో కలిస్తే నల్లాల సంగతి ఎవరు చూస్తారు?

నల్లాపుస్తకం:

మాది నల్లగొండ జిల్లాలో చిన్న ఊరు. పక్క మున్సిపాలిటీలో కలుపుతారని చాన్నాళ్ల నుంచి అంటున్నారు. ఈసారి ఇళ్ల లెక్క, ఆస్తుల లెక్క అడిగారు కాబట్టి అయ్యేటట్టే ఉంది. ఇంటి పన్ను పెరుగుతుందని, ఉపాధి హామీ పని పోతుందని ఊరంతా దాని మీదే కొట్లాట. రెండూ నిజమే. నా టెన్షన్ మాత్రం నీళ్ల గురించి.

నేను ఇదివరకు వార్డు మెంబర్‌ని. పదవి పోయినా నల్లా పైసల పుస్తకం నా దగ్గరే ఉండిపోయింది, తీసుకోమంటే ఎవరూ ముందుకు రారు. నెలనెలా వసూలు చేసి, మోటరు కాలితే వైండింగ్‌కు, వాల్వు పాడైతే వాల్వుకు అందులోంచే ఇస్తాం. మిషన్ భగీరథ (సర్కారు తాగునీటి పథకం) నీళ్లు పెద్ద ట్యాంకుకు ఎక్కుతాయి. ఎస్సీ కాలనీ ఎత్తు మీద ఉంటుంది. ముందు ఆ వాల్వు తిప్పి, అక్కడ నిండిన తర్వాతే బజారు వాల్వు తిప్పాలి. తిరగేస్తే కాలనీకి చుక్క పోదు. ఈ వరుస మా వాటర్‌మన్‌కు తప్ప ఇంకెవరికీ సరిగా తెలియదు. కొన్ని వాల్వులు సీసీ రోడ్డు కింద పోయాయి. అవి ఎక్కడున్నాయో ఆయనే చూపించాలి.

పాత బోరు ఒకటి ఉంది, ఫ్లోరైడ్ నీళ్లు. దాని నీళ్లు బర్రెలకు, బట్టలకు. తాగే ట్యాంకులో కలపనివ్వం. మా అత్తమ్మ మోకాళ్లు చూసినవాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు.

పుస్తకంలో మిగిలిన పైసలు ఏమవుతాయి? వాటర్‌మన్‌ను ఉంచుతారా? బోరు ఎవరి చేతికి పోతుంది? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కలిసినఊరోడు:

అక్కా, మాది 2018లో కలిసిన ఊరు. ఆ ఏడు రాష్ట్రంలో ఒకేసారి 68 కొత్త మున్సిపాలిటీలు చేశారు కదా, మా పంచాయతీ అందులో పోయింది. అంతకుముందు నీళ్లు రాకపోతే ఖాళీ బిందెలు తెచ్చి సర్పంచి ఇంటి ముందు పెట్టేవాళ్లం. గంటలో మోటరు నడిచేది. కలిసిన తర్వాత బిందెలు ఎవరి ఇంటి ముందు పెట్టాలో అర్థం కాలేదు. మున్సిపల్ ఆఫీసుకు పోతే ఏఈ (ఇంజనీరు) సార్ సైట్ మీద ఉన్నాడంటారు. సైట్‌కు పోతే ఆఫీసుకు పోయాడంటారు.

కొత్త పైపులు వేశారు, లేదనను. పాత లైను ఎక్కడ లీకు అవుతుందో రాసి పెట్టినవాళ్లు లేక మొదటి ఎండాకాలం తవ్వుకుంటూనే గడిచింది.

రిటైర్డ్_కార్యదర్శి:

అమ్మా, రాజ్యాంగం 11వ షెడ్యూలులో తాగునీరు పంచాయతీల పని, 12వ షెడ్యూలులో నీటి సరఫరా మున్సిపాలిటీల పని. కాబట్టి ఊరు కలిస్తే ట్యాంకు, బోరు, పైపులైను, పంచాయతీ ఖాతాలో పైసలు, కరెంటు బాకీ అన్నీ అటు పోతాయి. మీ నల్లా పైసలు ఏ ఖాతాలో ఉన్నాయో చూడండి. పంచాయతీ ఖాతాలో ఉంటే దాంతోనే పోతాయి. మోటరు, వాల్వుల రిపేర్లు ఏవైనా మిగిలి ఉంటే ఇప్పుడే తీర్మానం పెట్టి బిల్లులతో సహా చేయించండి.

మీరు అడిగిన వాటిలో అసలైనది వాటర్‌మన్ సంగతి. ఆయన పేరు పంచాయతీ వర్కర్ల జీతాల రిజిస్టరులో ఉందా? లేక నల్లా పైసల్లోంచి చేతికి ఇస్తున్నారా? కలిపేటప్పుడు చూసేది రిజిస్టరునే. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసి ప్రత్యేక అధికారులు వచ్చాక చాలా ఊళ్లలో ఇలాంటి పుస్తకాలను పట్టించుకున్నవాళ్లు లేరు. కాబట్టి ఊహించకండి, కార్యదర్శి దగ్గర కూర్చుని పేజీ తెరిచి చూడండి.

బోరు గురించి ఒక మాట. అప్పగింత జాబితాలో ఊరికే ‘బోరు–1’ అని రాయనివ్వకండి. ‘వాడకానికి మాత్రమే’ అని రాయించి, ఫ్లోరైడ్ పరీక్ష కాగితం జత చేయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. ఈ సంగతి కాగితం మీద లేకపోతే, కొత్తగా వచ్చిన ఇంజనీరు నీళ్లు తక్కువైన రోజు దాన్ని ట్యాంకుకు కలిపేస్తాడు. ఆయన తప్పు కూడా కాదు, బోరు ఉంది కదా అనుకుంటాడు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు, అయినా ఈ బాధ మనల్ని వదల్లేదు.

టౌన్_కాలనీ:

మాది వేరే టౌను. భగీరథ లెక్కలో ఊళ్లకు మనిషికి రోజుకు 100 లీటర్లు, మున్సిపాలిటీలకు 135. ఆ 35 చూసి మురిసిపోకండి. మా కాలనీలో రోజు విడిచి రోజు వస్తాయి, అదీ తెల్లవారుజామున. నల్లగొండ వైపు చాలా ఊళ్లకు నీళ్లు నాగార్జునసాగర్ వెనక పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, అక్కంపల్లి రిజర్వాయరు మీదుగా రావాల్సిందే. సాగర్ మట్టం 510 అడుగుల దగ్గరికి పడితే పట్నమైనా పల్లె అయినా ఆకాశం వైపు చూడటమే.

నల్లాపుస్తకం:

పెద్దాయన చెప్పినట్టు పోయి రిజిస్టరు చూశాను. వాటర్‌మన్ పేరు లేదు. సఫాయి పని చేసేవాళ్ల పేర్లే ఉన్నాయి. ఈయనకు మొదటి నుంచీ నల్లా పైసలే. వచ్చే గ్రామసభలో పెట్టమని కార్యదర్శిని అడిగితే బడ్జెట్ లేదన్నాడు. తీర్మానం అయినా రాయండి సారూ, ఊరు కలిసేలోపు కాగితం ఉండాలి అన్నాను. సరే అన్నాడు, చూడాలి.

ఈలోపు వాటర్‌మన్‌తో తిరిగి ఒక్కో వాల్వు దగ్గర గోడ మీద రంగుతో నంబరు వేయిస్తున్నాం. కాలనీది 1, బజారుది 2. ఏది ముందు తిప్పాలో ఆ నంబరే చెప్తుంది. రోడ్డు కింద పోయిన వాటికి ఎదురింటి గోడ మీద బాణం గీయించాం. ఒకాయన గోడ పాడైందని లొల్లి చేశాడు.

ఇంకొకటి. బోరు కరెంటు మీటరు పంచాయతీ పేరు మీద లేదు. ఎప్పటిదో పాత సర్పంచి పేరు మీద ఉంది, ఆయన చనిపోయాడు. అది కూడా మార్పించాలా?

రిటైర్డ్_కార్యదర్శి:

తప్పకుండా, అదీ కలవకముందే. సర్వీసు నంబరు, పాత బిల్లు, పంచాయతీ తీర్మానం నకలు పట్టుకుని కరెంటు ఆఫీసుకు పోండి. బాకీ ఎంత ఉందో అడిగి రాయించుకోండి. బిల్లు ఇప్పుడు ఎవరు కడుతున్నారు?

నల్లాపుస్తకం:

ఎవరూ కట్టట్లేదు. రేపు పోతాను.