ఫ్లాట్‌లో వడ్రంగానికి విప్పి దాచుకోగల పనిబల్ల: ఊగకుండా ఉండాలంటే ఎలా కట్టుకోవాలి?

ప్రశ్న (హైదరాబాద్ నుంచి)

అందరికీ నమస్కారం. మేము రెండు పడక గదుల ఫ్లాట్‌లో ఉంటున్నాము. సెలవు రోజుల్లో పీటలు, పుస్తకాల అరలు, చిన్న చిన్న పెట్టెలు సొంతంగా చేసుకోవడం నాకు ఇష్టమైన పని. పని చేయడానికి ఉన్న చోటు బాల్కనీ ఒక్కటే. దాని వెడల్పు నాలుగున్నర అడుగులు, బట్టలు ఆరవేసుకునేది కూడా అక్కడే కనుక పని ముగియగానే సరంజామా అంతా తీసి లోపల పెట్టవలసి ఉంటుంది.

ఇంతకాలం పాత భోజనాల బల్ల మీద క్లాంపులు బిగించి పని నడుపుకొంటూ వచ్చాను. రంపపు కోతకు అది సరిపోతోంది కానీ, చిత్రిక పట్టేటప్పుడు (కర్రను నున్నగా చెక్కేటప్పుడు) బల్ల మొత్తం ముందుకూ వెనక్కూ ఊగుతోంది, నున్నటి టైల్స్ మీద జారుతోంది కూడా. అందువల్ల ఒక మనిషి ఎత్తి పక్కన పెట్టుకోగలిగే పనిబల్ల ఒకటి కట్టుకోవాలని నిశ్చయించుకున్నాను. కాళ్లకు బందులు (మడత కీళ్లు) బిగించి మడిచేలా చేసుకోవడం మంచిదా, విడి భాగాలుగా విప్పేలా చేసుకోవడం మంచిదా? ఏ కర్ర వాడాలి? బజారులో దొరికే మడత బల్లలు ఈ పనికి చాలుతాయా? నా ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. చేతి రంపాలు, ఇనుప చిత్రిక, ఉలులు, డ్రిల్లు, మూలమట్టం నా దగ్గర ఉన్నాయి. అనుభవమున్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు (రాజమహేంద్రవరం నుంచి)

నమస్కారమండీ. వడ్రంగం మా ఇంటి వృత్తి. మీ ప్రశ్నలో అసలైన మాట ఊపు గురించినది కనుక దానితోనే మొదలుపెడతాను.

పనిబల్ల బరువు మోయలేక ఇబ్బంది పెట్టడం చాలా అరుదు. రెండు అంగుళాల చదరపు కాళ్లు నాలుగుంటే మనిషి ఎక్కి నిలబడినా మోస్తాయి. చిత్రిక తోపు మాత్రం బల్ల నిడివి వెంట అడ్డంగా పడుతుంది, ఆ తోపును ఆపవలసింది అతుకులే. కాళ్లను కలిపే మూడు అంగుళాల వెడల్పు పట్టీ కాలితో కలిసే చోట ఒక్క మిల్లీమీటరు వదులుంటే, 32 అంగుళాల ఎత్తుకు వచ్చేసరికి అది పది మిల్లీమీటర్లు దాటిన ఊపుగా తేలుతుంది. అదే పట్టీ ఆరు అంగుళాల వెడల్పుంటే, అంతే వదులుకు ఊపు సగమవుతుంది. కాళ్లను ఎంత లావు చేసినా రాని గట్టితనం, కాళ్లను కలిపే పట్టీని వెడల్పు చేస్తే వస్తుంది.

మడత కాళ్లు నేను వద్దనడానికి కారణం కూడా ఇదే. బందుకు ఉండే చీల దాని గొట్టంలో తిరగాలంటే కొంచెం వదులు ఉండి తీరాలి, వాడే కొద్దీ ఆ వదులు పెరుగుతుంది. నాలుగు కాళ్లకు నాలుగు బందులు వేసినప్పుడు ఆ వదులన్నీ కలిసి చిత్రిక కింద బయటపడతాయి. విప్పి కట్టే పద్ధతిలో అయితే ప్రతిసారీ అతుకును కొత్తగా బిగించుకునే వీలుంటుంది.

మీ చోటుకు నేను చెప్పే కట్టుబడి ఇది. ముందుగా రెండు పక్క చట్రాలు చేసుకోండి. ఒక్కొక్క చట్రంలో ముందు కాలు నిటారుగా ఉండాలి, వెనక కాలు కింద వెనక్కి వాలి ఉండాలి, పైన ఒక అడ్డకర్ర, కింద ఒక అడ్డకర్ర రెండు కాళ్లనూ కలపాలి. ఈ చట్రాలను కుసి (బెజ్జంలో దూరేలా సన్నగా చెక్కిన కర్ర చివర) కోసి, జిగురు పెట్టి శాశ్వతంగా బిగించేయండి, వీటిని ఎన్నడూ విప్పనక్కరలేదు. మూడు అంగుళాల మందం మాత్రమే ఉంటుంది కనుక బీరువా పక్కనో మంచం కిందనో ఇమిడిపోతాయి. ముందు కాలు నిటారుగా, బల్ల అంచుకు సమంగా ఉండటంలో ఒక ప్రయోజనం ఉంది: పొడవాటి పలక అంచుకు చిత్రిక పట్టవలసి వచ్చినప్పుడు దానిని నేరుగా కాళ్లకే ఆనించి క్లాంపు వేసుకోవచ్చు.

రెండు చట్రాలనూ కలిపేవి నిడివి పట్టీలు. ఇవి రెండు కావాలి, ఒక్కొక్కటి కనీసం ఐదారు అంగుళాల వెడల్పుండాలి. పట్టీ చివర కుసి కాలిలోంచి అవతలికి రెండు మూడు అంగుళాలు పొడుచుకు రావాలి, అలా వచ్చిన చోట నిలువు బెజ్జం తొలిచి అందులో ఏటవాలుగా చెక్కిన చీల దిగగొట్టాలి. బెజ్జం లోపలి అంచు కాలి బయటి ముఖం కంటే కొద్దిగా లోపలికి ఉండేలా తొలచడం తప్పనిసరి. అలా ఉంటేనే చీల దిగుతున్న కొద్దీ పట్టీ భుజం (కుసి మొదట ఉండే మెట్టు) కాలికి గట్టిగా అదుముకుంటుంది. బెజ్జం అంచు కాలి ముఖంతో సరిసమానంగా ఉంటే చీల అక్కడే బిగుసుకుపోయి, అతుకు మాత్రం వదులుగా మిగిలిపోతుంది. వానాకాలంలో కర్ర ఉబ్బినా ఎండాకాలంలో సన్నబడినా, సుత్తితో ఒక దెబ్బ వేస్తే చాలు, బల్ల మళ్లీ బిగుస్తుంది. ఊడదీయడానికి చీలను కింద నుంచి తట్టితే సరిపోతుంది.

ఎత్తు విషయానికి వస్తే, చేతులు కిందికి వదిలి నిటారుగా నిలబడినప్పుడు మణికట్టు మడత ఎంత ఎత్తున ఉంటుందో అంత ఎత్తు చిత్రికకు అనుకూలం. మీ ఎత్తుకు అది సుమారు 32 అంగుళాలు. ఇంకా ఎత్తు పెంచితే తోపు మొత్తం భుజాల మీద పడుతుంది, శరీర బరువు పనికి రాదు.

జవాబు (విశాఖపట్నం నుంచి)

పై జవాబులోని కట్టుబడి నాకూ నచ్చింది. పైపలక, కర్రల గురించి నాకు తెలిసినది చేరుస్తాను. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఉంటున్నందువల్ల తేమ విషయంలో నేను కొంచెం ఎక్కువ జాగ్రత్త చెబుతాను.

పైపలకకు ఒకే కర్రలోంచి తీసిన పలక కంటే ప్లైవుడ్ మేలు, ఎందుకంటే పొరలు ఒకదానికొకటి అడ్డంగా అంటించి ఉండటం వల్ల రుతువు మారినా వెడల్పు పెద్దగా మారదు. బాల్కనీలో వాన జల్లు పడే అవకాశం ఉంటే ఐఎస్ 710 (భారతీయ ప్రమాణం) గుర్తున్న మెరైన్ ప్లై తీసుకోండి. పని కాగానే లోపల పెట్టేస్తారు కనుక ఐఎస్ 303 కింద వచ్చే బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునే) రకం కూడా సరిపోతుంది. ఎంఆర్ (కొంత తేమను మాత్రమే తట్టుకునే) రకం మాత్రం వద్దు.

18 మిల్లీమీటర్ల మందమున్న 8 అడుగులు, 4 అడుగుల షీటు ఒక్కటి చాలు. దానిని దుకాణంలోనే సగానికి కోయించి, ఒక సగంలోంచి 11 అంగుళాల వెడల్పు, 4 అడుగుల పొడవు ఉండే పట్టీలు నాలుగు తీయించండి. పై పొర నార 4 అడుగుల నిడివి వెంట పారేలా చూసుకుంటే పలక వంగదు. రెండేసి పట్టీలను జిగురుతో అంటిస్తే 36 మిల్లీమీటర్ల మందంతో రెండు పలకలు తయారవుతాయి. ఒక్కొక్కటి సుమారు ఎనిమిది కిలోలు ఉంటుంది. వాటిని చట్రాల మీద మధ్యలో రెండు అంగుళాల సందు వదిలి పరిస్తే మొత్తం వెడల్పు రెండు అడుగులు అవుతుంది. ఆ సందులోంచి క్లాంపు దూర్చి బల్ల నడుమ ఉన్న పనినైనా పట్టి ఉంచవచ్చు, అంచుల మీద మాత్రమే క్లాంపు వేయగలిగే నిండు బల్ల కంటే ఇది ఎంతో సౌకర్యం. మిగిలిన సగం షీటులోంచి కింది అర కోసుకోండి. కోసిన అంచులన్నిటికీ వార్నిష్ రెండు పూతలు పూయడం మరవవద్దు, ప్లైవుడ్‌లోకి నీరు చేరేది అంచుల నుంచే.

కాళ్లకూ పట్టీలకూ కొత్త టేకు కొనడం అనవసరమైన ఖర్చు. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే గుమ్మాలు, కిటికీ చట్రాలు పాత కలప అడితులలో దొరుకుతాయి. అవి ఏళ్ల తరబడి ఆరిన కర్రలు కనుక మెలిక తిరగవు. చిత్రిక పెట్టే ముందు ప్రతి ముఖమూ వెతికి మేకులు పీకేయండి, లేకపోతే చిత్రిక అలుగు పాడవుతుంది. చీలలకు నల్లతుమ్మ దొరికితే వదలకండి. బండి చక్రాలకూ నాగళ్లకూ వాడుతూ వచ్చిన కర్ర అది, సుత్తి దెబ్బకు చీలదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. ఇంకో రెండు సందేహాలు ఉన్నాయి. బల్ల ఇంత తేలిక అయినప్పుడు చిత్రిక తోపుకు మొత్తం ముందుకు జరగదా? మా బాల్కనీ నేల నీళ్లు పోయే తూము వైపు వాలుగా ఉంది, నాలుగు కాళ్లూ సమంగా ఆనడం ఎలా? కింది ఇంటివారికి చప్పుడు వినబడకుండా చూడటం కూడా నాకు ముఖ్యం.

జవాబు (రాజమహేంద్రవరం నుంచి)

బరువు కావాలి, అయితే అది బల్లలో భాగం కానక్కరలేదు. కింది అరను నిడివి పట్టీల మీద పరిచి, నీళ్లు నింపిన 20 లీటర్ల క్యాన్లు రెండు దాని మీద పెట్టండి. అదే 40 కిలోల బరువు. పని అయ్యాక నీళ్లు మొక్కలకు పోసుకోవచ్చు, బల్లను తేలికగానే మోసుకుపోవచ్చు. కాళ్ల అడుగున మందపాటి రబ్బరు ముక్కలు అంటిస్తే టైల్స్ మీద జారడం ఆగుతుంది, సుత్తి దెబ్బల చప్పుడు కూడా కింది అంతస్తుకు చాలా తక్కువగా దిగుతుంది. ఉలితో బెజ్జాలు తొలిచేటప్పుడు పనిని పలక నడుమ కాకుండా కాలికి సరిగ్గా పైన పెట్టుకోండి, దెబ్బ నేరుగా కాలిలోకి దిగి పలక అదరదు.

నేల వాలుకు, తూము వైపు ఉండే రెండు కాళ్ల అడుగున పది మిల్లీమీటర్ల బోల్టు ఒక్కొక్కటి నట్టుతో అమర్చి, దాని తలకు రబ్బరు తొడగండి. బల్ల ఎప్పుడూ ఒకే చోట, ఒకే దిక్కుగా వేస్తారు కనుక ఒకసారి రసమట్టం (సమతలం చూసే సాధనం) పెట్టి సరిచేసి, ఆ చోటును నేల మీద రంగుతో గుర్తు పెట్టుకుంటే మళ్లీ తిప్పే పని ఉండదు.

జవాబు (విశాఖపట్నం నుంచి)

బజారు మడత బల్లల గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు కనుక రాస్తున్నాను. ఈ తరహాకు మూలం వర్క్‌మేట్. దక్షిణాఫ్రికాలో పుట్టి, ఇంగ్లండ్‌లో లోటస్ ఎలాన్ కారు రూపకల్పన చేసిన రాన్ హిక్‌మన్ 1960లలో దీనిని రూపొందించగా, 1970లలో బ్లాక్ అండ్ డెక్కర్ సంస్థ పెద్ద ఎత్తున తయారుచేసింది. పైనున్న రెండు పలకలే పిడి తిప్పగానే దగ్గరకు జరిగి కర్రను పట్టుకోవడం దానిలోని గొప్పతనం. రంపపు కోతకూ రంధ్రాలు వేయడానికీ అది నిజంగా మంచి సాధనం. చిత్రికకు మాత్రం దాని సన్నటి ఇనుప కాళ్లూ తక్కువ బరువూ చాలవు. పైపలకలు ఎండీఎఫ్‌తో (కర్ర నారను జిగురుతో అదిమి చేసిన పలకతో) చేసిన రకాలైతే తడి తగిలితే ఉబ్బుతాయి కూడా. మీ పనిలో చిత్రికదే పెద్ద పాలు కనుక ఆ డబ్బుతో ప్లై షీటూ నాలుగు మంచి ఎఫ్-క్లాంపులూ కొనుక్కోండి. ముందు చట్రాలు రెండూ పూర్తిచేసి, పాత పలక ఏదైనా వేసి కొద్ది రోజులు పని చేసి చూశాక, ఎత్తు మీకు సరిపోయిందనుకున్నప్పుడే ప్లై కోయించండి. ఎత్తు ఎక్కువైతే కాళ్లు కోయవచ్చు, తక్కువైతే అతికించడం కష్టం కనుక, కాళ్లను మొదట 33 అంగుళాలకే కోసుకోవడం మంచిది.