ప్లస్ వన్ పాఠాలు చెప్పాలా వద్దా: ఆ నిర్ణయం ప్రిన్సిపల్ ఒక్కరిదేనా?

కొరట్టూరు తండ్రి:
మా అమ్మాయి చెన్నైలో ఒక ప్రైవేటు పాఠశాలలో ప్లస్ వన్ (పదకొండో తరగతి) చదువుతోంది. ఆగస్టులోనే ఫిజిక్స్, కెమిస్ట్రీ పుస్తకాలు పక్కన పెట్టించి ప్లస్ టూ (పన్నెండో తరగతి) పాఠాలు మొదలుపెట్టారు. అడిగితే "ప్రిన్సిపల్ గారి నిర్ణయం" అన్నారు. టీచర్లనూ సంప్రదించలేదట. 2017-18లో తమిళనాడు ప్రభుత్వం ప్లస్ వన్‌కు పబ్లిక్ పరీక్ష పెట్టింది ఈ జబ్బు కుదర్చడానికే. 2025లో రాష్ట్ర విద్యా విధానం వచ్చాక ఆ పరీక్ష పోయింది. పిల్లలకు భారం తగ్గిందని నేనూ సంతోషించాను. కానీ ఒక ఏడాది చదువును ఎగరగొట్టే అధికారం ఒక్క మనిషికి ఉండవచ్చా?

పెరంబూరు విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు:
నిర్ణయం ఒక్కరే తీసుకోవాలి బాబూ. ముప్పై మంది టీచర్లు ముప్పై మాటలు చెబుతారు, టైంటేబుల్ మాత్రం ఒకటే. ఫలితాలు తగ్గితే యాజమాన్యం పిలిచి నిలదీసేది ప్రిన్సిపల్‌నే. అడ్మిషన్‌కు వచ్చిన తల్లిదండ్రులు మొదట అడిగేది "ప్లస్ టూలో ఎన్ని సెంటమ్‌లు (నూటికి నూరు మార్కులు)?" అనే. ప్లస్ వన్ ఎలా చెబుతారని నన్ను అడిగినవారు నా సర్వీసులో ఇద్దరో ముగ్గురో. అయినా పాఠాలు వదిలేయడాన్ని నేను సమర్థించను.

అంబత్తూరు ఫిజిక్స్ టీచర్:
మాస్టారూ, మీరంటే గౌరవం ఉంది, కానీ అడగకుండా తీసుకున్న నిర్ణయం ఎక్కడ దెబ్బతీస్తుందో నేను తరగతిలో చూశాను. ప్లస్ వన్ ఫిజిక్స్‌లో రెండో యూనిటే చలనం. దానికి సదిశలు (వెక్టర్లు), అవకలనం (డిఫరెన్షియేషన్) కావాలి. లెక్కల పుస్తకంలో అవి రెండో సంపుటంలో ఉన్నాయి, అంటే పిల్లలకు అందేది సగం ఏడాది గడిచాక. జూన్, జూలైల్లో నేను బోర్డు మీద రాసింది వాళ్లు గుడ్డిగా ఎక్కించుకునేవారు. ఈ సంగతి ఏ ప్రిన్సిపల్‌కూ ఫలితాల పట్టికలో కనిపించదు.

నేను పనిచేసిన రెండో బడిలో ప్రిన్సిపల్ అమ్మ జూన్ మొదటి వారంలోనే మమ్మల్ని కూర్చోబెట్టి, "పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారు?" అని అడిగారు. నేను ఇదే చెప్పాను. లెక్కల మాస్టారు ముందు ఒప్పుకోలేదు, తన పాఠాలు వెనకబడతాయని వాదించారు. ఆమె అంతా విని, మొదటి రెండు వారాలు లెక్కల పీరియడ్లలో సదిశలు, అవకలనం మౌలికంగా చెప్పాలని నిర్ణయించారు. వెనకబడితే యాజమాన్యానికి తానే జవాబు చెబుతానన్నారు. నిర్ణయం ఆమె ఒక్కరిదే మాస్టారూ, మీరన్నట్టే. కానీ అడిగాక తీసుకున్నారు. ఆ ఏడాది చలనం పాఠంలో పిల్లలు మొదటిసారి ఎదురు ప్రశ్నలు వేశారు.

విల్లివాక్కం ఇంజనీరు:
నేను 2014లో ప్లస్ టూ ముగించాను. మా బడిలో ప్లస్ వన్ లెక్కల పుస్తకం తెరవనే లేదు. మంచి మార్కులతో ఇంజనీరింగ్‌లో చేరి మొదటి సెమిస్టర్ లెక్కల్లో తప్పాను. నాకు చదువు రాదేమోనని చాలా రోజులు అనుకున్నాను. నీట్, జేఈఈ ప్రశ్నలు రెండేళ్ల పాఠాల నుంచీ వస్తాయి కదా, పరీక్షల లెక్కన చూసినా ఈ నిర్ణయం తప్పే.

పెరంబూరు విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు:
టీచరమ్మా, ఆ ప్రిన్సిపల్‌కు నా నమస్కారం. అడగడం వల్ల నా మాట చెల్లదేమోనని నేను భయపడ్డ రోజులు ఉన్నాయి.
కొరట్టూరు బాబూ, వాదనకు దిగకండి. క్వార్టర్లీ ప్రశ్నపత్రం తీసి, ఏ ప్రశ్న ఏ పుస్తకంలోదో గుర్తు పెట్టి తీసుకెళ్లండి. కాగితం ముందుంటే "అన్నీ చెబుతున్నాం" అనడం కష్టం.

కొరట్టూరు తండ్రి:
రాత్రి అమ్మాయితో కూర్చుని చూశాను మాస్టారూ. ఫిజిక్స్ ప్రశ్నలన్నీ ప్లస్ టూ మొదటి సంపుటంలోవే. ఇంకో నలుగురు తల్లిదండ్రులు కలిశారు. శనివారం వెళ్తున్నాం. ప్రిన్సిపల్ గారిని ఒకటే కోరతాం: మా ఎదుట ఫిజిక్స్, లెక్కల టీచర్లను కూడా పిలిచి మాట్లాడించమని.