'ఇన్ బ్రూజ్' సబ్‌టైటిళ్లు రాను రాను ముందుకు పోతున్నాయి, ఎలా సరిచేయాలి?

2008లో వచ్చిన 'ఇన్ బ్రూజ్' సినిమా చూస్తున్నాను. కాలిన్ ఫారెల్, బ్రెండన్ గ్లీసన్‌ల ఐరిష్ యాస నాకు సగమే అర్థమవుతుంది, కాబట్టి సబ్‌టైటిళ్లు తప్పనిసరి. మొదటి సీన్లో సరిగ్గానే ఉంటాయి. గంట దాటేసరికి దాదాపు రెండున్నర నిమిషాలు ముందే పడుతున్నాయి. రే (ఫారెల్ పాత్ర) ఓ పిల్లాడి చావు తలుచుకుని ఏడుస్తుంటే కింద తర్వాతి సీన్ జోకు! ఇంత మంచి సినిమాకి ఇదేం ఖర్మ.

ప్లేయర్‌లో డిలే మార్చాను. ఆ సీన్‌కి కుదురుతుంది, పది నిమిషాల్లో మళ్లీ పాతిక సెకన్లు తేడా. ఇంకో రెండు ఎస్ఆర్‌టీ (సబ్‌టైటిల్) ఫైళ్లదీ అదే తంతు. వీడియో సెకనుకు 23.976 ఫ్రేములు, నిడివి 107 నిమిషాలు. సబ్‌టైటిల్ ఫైలు పేరులో మాత్రం 25 అని ఉంది.

విండోస్ ల్యాప్‌టాప్‌లో ఆ ఫైలు టైమింగ్ మొత్తాన్ని 25 నుంచి 23.976కి మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ ఏది?